కట్టుడు పళ్లు: కొనే వస్తువు కాదు, చేయించుకునే వైద్యం



నేను కామర్స్ పట్టభద్రుడిని. కోవిల్‌పట్టిలోను, విరుదునగర్‌లోను బ్యాంకు కౌంటరులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. దంత వైద్యుడిని కాను. అయినా ఈ పాఠం రాయడానికి కారణం ఉంది. నేను పై దవడకు నాలుగు పళ్ల ప్లేటు పెట్టుకుంటున్నాను. మా ఇంట్లో పెద్దవారికి పూర్తి సెట్టు చేయించాము. ఆ సందర్భంలో వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న విషయాలు మన కుటుంబాలకు పనికివస్తాయని తోచింది.

మన ఇళ్లలో కంటి అద్దాలకు ఖర్చు పెడతాము, వినికిడి యంత్రానికి కూడా పెడతాము. పళ్ల సంగతి వచ్చేసరికి "ఈ వయసులో పళ్లెందుకు" అని పెద్దవారే అంటారు, పిల్లలు కూడా ఊరుకుంటారు. చేయించినప్పుడు సైతం చెప్పులు కొన్నట్టు ధర ఒక్కటే చూసి కొంటారు. తరువాత అవి నోట్లో కాక బీరువాలో ఉంటాయి. కట్టుడు పళ్లు కొనే వస్తువు కాదని, అది కొన్ని వారాలు నడిచి, తరువాత ఏళ్ల తరబడి కొనసాగే వైద్యమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. పళ్లు పోతే ఏమేమి పోతాయి?

మొదటిది ఆహారం. కోవిల్‌పట్టి నుండి మదురై రోడ్డు పట్టుకుని విరుదునగర్ వెళ్లేవారికి మూడు రుచులు తెలుసు. కోవిల్‌పట్టి కడలై మిఠాయి (దీనికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది), సాత్తూరు కారాసేవు, విరుదునగర్ నూనె పరోటా. ఈ మూడింటికీ గట్టి పళ్లు కావాలి. "పళ్లున్నవాడికి శనగలు లేవు, శనగలున్నవాడికి పళ్లు లేవు" అని మనవాళ్లు సామెత చెబుతారు. మిఠాయి తినకపోతే నష్టం లేదు. కాని దవడ పళ్లు లేనివారు నెమ్మదిగా వేరుశనగలు, పచ్చి కూరలు, పండ్లు, మాంసం కూడా మానేసి గంజి, ఇడ్లీ, కాఫీలో ముంచిన బన్నుతో సరిపెట్టుకుంటారు. "ఆకలి లేదు" అని చెబుతారు తప్ప "నమలలేను" అని చెప్పరు. ఇంట్లో అవ్వ గాని, తాత గాని ఈ మాట తరచుగా అంటుంటే వారి పళ్లు ఒకసారి చూడండి.

రెండవది మాట. విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. త, థ, ద, ధ, న, ల, స అనే అక్షరాలను మన వ్యాకరణంలో దంత్యములు అంటారు. నాలుక పళ్ల దగ్గరకు వెళ్లి పలికే అక్షరాలు కనుక ఆ పేరు వచ్చింది. "తాత దండ తెచ్చాడు" అని నెమ్మదిగా పలికి మీ నాలుక ఎక్కడ తగులుతుందో గమనించండి. అక్కడ పన్ను లేకపోతే గాలి జారిపోతుంది, మాట స్పష్టత తగ్గుతుంది. అందువలన నలుగురిలో మాట్లాడడం తగ్గించుకున్న పెద్దవారిని నేను చాలామందిని చూశాను.

మూడవది ముఖం. ఇది నాకు ఉద్యోగంలో తెలిసిన విషయం. పింఛనుదారులు ప్రతి నవంబరులో తాము జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వడానికి వస్తారు. పాసుబుక్కు మీద ఫొటోను, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చి చూడడం మా పని. సంతకం సరిపోయేది, ముఖం సరిపోయేది కాదు. పళ్లన్నీ పోయినప్పుడు పై దవడకు, కింది దవడకు మధ్య ఎడం తగ్గి గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది. పెదవులు లోపలికి పోతాయి. నాలుగేళ్లలో పదిహేనేళ్ల వయసు పైబడినట్టు కనిపిస్తారు.

నాలుగవది కంటికి కనబడని నష్టం. పన్ను నిలిచేది దవడ ఎముకలో. పన్ను పోయాక ఆ ఎముకకు పని ఉండదు కనుక అది కరిగిపోతూ ఉంటుంది. పన్ను తీసిన తరువాత మొదటి ఏడాదిలో ఈ అరుగుదల ఎక్కువ. ఆ తరువాత తగ్గినా ఆగదు. పై దవడ కంటే కింది దవడలో ఇది చాలా ఎక్కువగా ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, ఒకసారి చేయించిన సెట్టు ఎందుకు శాశ్వతం కాదో, పదేళ్లు ఆలస్యం చేస్తే కింది సెట్టు ఎందుకు నిలవదో అర్థమవుతుంది.

2. ఏ లోపానికి ఏ సాధనం?

స్థూలంగా నాలుగు రకాలు తెలుసుకుంటే చాలు.

(అ) క్యాప్: పన్ను మొదలు ఉండి పైభాగం పాడైతే, దానిని చెక్కి పైన తొడిగే తొడుగు. వేరుకు చికిత్స చేసిన పన్నుకు సాధారణంగా ఇది వేస్తారు. లోహం, లోహం మీద పింగాణీ, జిర్కోనియా అని రకాలున్నాయి.

(ఆ) బ్రిడ్జి: మధ్యలో ఒకటి రెండు పళ్లు లేనప్పుడు, రెండు ప్రక్కల పళ్లను చెక్కి, వాటి ఆధారంతో మధ్య పన్నును నిలబెట్టడం. ఇది తీసిపెట్టేది కాదు. ప్రక్క పళ్లు గట్టిగా ఉంటేనే చేయాలి. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఆ రెండు పళ్లు జామీనుదారులు. జామీనుదారుకే బలం లేకపోతే అప్పు నిలవదు.

(ఇ) తీసిపెట్టే పళ్లు: కొన్ని పళ్లకు ప్లేటు, అన్ని పళ్లకు పూర్తి సెట్టు. ఎక్కువగా అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. కోబాల్ట్-క్రోమియం లోహంతో పోతపోసిన ప్లేట్లు కూడా ఉన్నాయి. అవి పలుచగా, గట్టిగా ఉంటాయి.

(ఈ) ఇంప్లాంట్: దవడ ఎముకలో టైటానియం మర బిగించి, ఎముక దానిని పట్టుకున్న తరువాత పైన పన్ను అమర్చడం. ఎముక పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. అదుపులో లేని చక్కెర వ్యాధి, పొగ త్రాగే అలవాటు ఉన్నవారికి ఇది విఫలమయ్యే అవకాశం హెచ్చు.

ఇందులో ఏది గొప్పది అని అడగకూడదు. ఏ నోటికి ఏది సరిపోతుంది అని అడగాలి. నోటిని పరీక్షించి, ఎక్స్‌రే చూసి, చక్కెర, రక్తపోటు, వాడుతున్న మందులు అడిగి తెలుసుకున్న వైద్యుడే దానికి జవాబు చెప్పగలడు.

3. ఒక సెట్టు తయారయ్యే విధం

పూర్తి సెట్టుకు సాధారణంగా ఐదు సార్లు వెళ్లవలసి ఉంటుంది. ఎందుకు ఇన్ని సార్లు త్రిప్పుతున్నారని విసుక్కునేవారు ఈ క్రమాన్ని చదవగలరు.

మొదటిసారి పరీక్ష చేసి, నోటి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేస్తారు. ఆ నమూనా మీద ఆ మనిషికే సరిపోయే ట్రే ఒకటి తయారవుతుంది. రెండవసారి ఆ ట్రేతో కచ్చితమైన అచ్చు తీస్తారు. పెదవి, బుగ్గ, నాలుక కదిలినప్పుడు అంచు ఎక్కడికి రావాలో ఈ అచ్చులోనే తేలుతుంది. మూడవసారి మైనపు దిమ్మెలు నోట్లో పెట్టి, రెండు దవడల మధ్య ఎడం ఎంత ఉండాలి, పళ్లు ఎక్కడ కలవాలి అని కొలుస్తారు. పాసుబుక్కు ఫొటోలోని ముఖం తిరిగి వచ్చేది ఈ కొలత వలననే. నాలుగవసారి మైనంలో పళ్లు గుచ్చి నోట్లో పెట్టి చూస్తారు. రంగు, వరుస, మాట అన్నీ ఈ రోజే సరిచూసుకోవాలి. ఇంట్లోవారు ఒకరు వెంట వెళ్లవలసిన రోజు ఇదే. దీని తరువాత ల్యాబులో మైనం కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో అక్రిలిక్ నింపి, వేడి నీటిలో గంటల తరబడి ఉడికించి, సానపట్టి నునుపు చేస్తారు. ఐదవసారి సెట్టు నోటికి పెడతారు.

పని అక్కడితో అయిపోదు. కొత్త చెప్పు కరచినట్టే కొత్త సెట్టు చిగురును ఒరుస్తుంది. మరునాడో, రెండు మూడు రోజులకో వెళ్లి ఒరుసుకునే చోటు అరగదీయించుకోవాలి. నాకు తెలిసిన చాలా ఇళ్లలో సెట్టు ఓడిపోయింది ఈ వారంలోనే. "నొప్పిగా ఉంది" అని తీసి పెట్టిన పళ్లు మళ్లీ నోటికి ఎక్కలేదు. ఇంటిలోనే బ్లేడుతోనో, ఆకురాయితోనో గీకినవి కూడా పాడైపోయాయి.

ఇంకొక నిజం కూడా ముందే తెలుసుకోవాలి. పూర్తి సెట్టుతో కొరికే బలం సొంత పళ్ల బలంలో నాలుగో వంతుకు మించదు. నాలుక కదలిక వలన కింది సెట్టు పై సెట్టు అంత గట్టిగా నిలవదు. నమలడం, మాట్లాడడం అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట మెత్తటి అన్నం, తరువాత చిన్న ముక్కలు, రెండు ప్రక్కలా సమంగా నమలడం అనే వరుసలో నేర్చుకోవాలి. పుస్తకమో, వార్తాపత్రికో రోజూ కాసేపు పైకి చదివితే మాట త్వరగా కుదురుతుంది. మనుమలు ప్రక్కన కూర్చుని చదివించవచ్చు.

4. కొంచెం చరిత్ర

1789లో జార్జ్ వాషింగ్టన్ అమెరికా మొదటి అధ్యక్షుడుగా ప్రమాణం చేసిన నాటికి ఆయన నోట్లో ఒక్కటే సొంత పన్ను ఉండేది. ఆయన పెట్టుకున్న పళ్లు చెక్కతో చేసినవన్న ప్రచారం నిజం కాదు. నీటి ఏనుగు దంతం, మనుషుల పళ్లు, లోహం కలిపి చేసినవి. 1815లో వాటర్లూ యుద్ధంలో చనిపోయిన సైనికుల పళ్లు తీసి కట్టుడు పళ్లకు వాడినందున ఐరోపాలో వాటికి వాటర్లూ పళ్లు అనే పేరు వచ్చింది. అప్పట్లో ఇది ధనవంతుల వస్తువు.

1844లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి గట్టిపరచే విధానానికి పేటెంటు పొందాడు. 1850ల నుండి ఆ గట్టి రబ్బరుతో దవడకు అచ్చుగుద్దినట్టు సరిపోయే ప్లేట్లు రావడంతో ధర తగ్గింది. 1930ల చివర అక్రిలిక్ వచ్చి చిగురు రంగును కూడా తెచ్చింది. 1965లో స్వీడన్ దేశపు డాక్టర్ బ్రోనెమార్క్ మొదటిసారి ఒక రోగికి టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. మన దేశంలో మొదటి దంత వైద్య కళాశాలను డాక్టర్ ఆర్. అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు.

వస్తువు మారుతూ వచ్చింది గాని, నోటిని కొలిచి, పెట్టి, మళ్లీ సరిచేసే పని మారలేదు.

5. ఒక్క గంటలో పళ్లు కట్టేవారు

బస్టాండు దగ్గర, సంతలలో, ఊరి పండుగలలో "ఒక్క గంటలో పన్ను కడతాము, చెక్కనక్కరలేదు, నొప్పి లేదు" అనేవారు ఇప్పటికీ కనిపిస్తారు. వారు చేసేది ఇది: లేని పన్ను చోట ఒక కృత్రిమ పన్ను పెట్టి, వెంటనే గట్టిపడే అక్రిలిక్ పిండిని ప్రక్క పళ్ల మీదికి, చిగురు మీదికి పూసి, ఒక్కోసారి తీగతో కట్టి వదిలేస్తారు. ఆ పిండి నోట్లోనే గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, చిగురును మండిస్తుంది. దాని కింద బ్రష్షు పోదు. తిన్నది చేరి కుళ్లి, కొద్ది కాలంలోనే ఆధారంగా ఉన్న మంచి పళ్లు కూడా కదులుతాయి. ఒక పన్ను కొరకు వెళ్లి మూడు పళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. సెట్టు జారకుండా అంగిలి వైపు రబ్బరు బిళ్ల అమర్చే పద్ధతి ఇంకా ప్రమాదకరం. ఆ బిళ్ల పీల్పు వలన అంగిలి పుండై, చివరకు రంధ్రం పడిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు.

కనుక వైద్యుని పేరు, డిగ్రీ, రాష్ట్ర దంత మండలి రిజిస్ట్రేషను నంబరు చూసి వెళ్లండి. ఇవి అడగడం మర్యాద తక్కువ కాదు.

6. ఖర్చును లెక్కించే విధం

ఇక్కడ నా చదువు కొంత పనికివస్తుంది. విద్యార్థులు ఈ లెక్క చేయండి. అంకెలు లెక్క కొరకు మాత్రమే, ఎవరి ధరలూ కావు.

ఒక సెట్టు ఖర్చు 12,000 రూపాయలు, ఆరేళ్లు వాడారు. అంటే 72 నెలలు. నెలకు దాదాపు 167 రూపాయలు. ఇంకొక సెట్టు ఖర్చు 3,000 రూపాయలు. సరిపోక మూడు నెలలకు బీరువాలో పెట్టారు. నెలకు 1,000 రూపాయలు. ఏది చవక?

అకౌంటెన్సీలో యంత్రానికి తరుగుదల రాస్తాము, మరమ్మతుకు వేరే ఖాతా పెడతాము. కట్టుడు పళ్లకూ అంతే. ఎముక అరిగిన కొద్దీ సెట్టు వదులవుతుంది. అప్పుడు లోపలి వైపు కొత్త పొర వేయించుకోవచ్చు. సాధారణంగా ఐదు నుండి ఏడేళ్లకు కొత్త సెట్టు అవసరమవుతుంది. ఈ ఖర్చు ముందే అనుకుని నెలకు కొంత పక్కన పెట్టుకుంటే భారం అనిపించదు. వైద్యుని దగ్గర ధర అడిగేటప్పుడు ఇవి కూడా అడగండి: ఎన్నిసార్లు రావాలి? ఒరుసుకుంటే సరిచేయడం ఇందులో కలిసే ఉందా? విరిగితే ఎంత? పొర వేయడానికి ఎంత? ఈ జవాబులు కాగితం మీద తీసుకోండి. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

ఖర్చు భరించలేనివారు ముందుగా ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగంలో విచారించాలి. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. దంత వైద్య కళాశాలలలో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పళ్లు చేస్తారు కనుక ఖర్చు బయటికంటే తక్కువ. ప్రయాణాలు మాత్రం ఎక్కువ ఉంటాయి. పొరుగున ఉన్న కేరళలో 60 ఏళ్లు దాటిన పేదవారికి ఉచితంగా పళ్ల సెట్టు ఇవ్వడానికి "మందహాసం" అనే ప్రభుత్వ పథకమే నడిచింది. పళ్లు సోకు కాదు, ఆరోగ్యం అని ఒక ప్రభుత్వం గుర్తించినట్టే గదా.

7. వడమలాపురం డాక్టరు గారి పాఠం

కృత్రిమ అవయవం పేదవారికి అందాలంటే ఏమి కావాలి అనే ప్రశ్నకు మన ప్రాంతంలోనే ఒక జవాబు ఉంది. ఎట్టయాపురం దగ్గర వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ జి. వెంకటస్వామి గారు ప్రభుత్వ ఉద్యోగం నుండి రిటైరైన తరువాత 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా శస్త్రచికిత్సలు చేసిన మనిషి ఆయన. శుక్లం తీసిన కంటిలో పెట్టే కృత్రిమ కటకం అప్పట్లో దిగుమతి సరుకు, సామాన్యునికి అందని ధర. 1992లో ఆరోల్యాబ్ అనే సంస్థ మదురైలోనే ఆ కటకాల తయారీ మొదలుపెట్టిన తరువాత ధర బాగా తగ్గింది.

అయితే చవక కటకం ఒక్కటే చూపు తేలేదు. ఊరూరా శిబిరం పెట్టి పరీక్షించడం, రోగిని తీసుకువెళ్లి శస్త్రచికిత్స చేయడం, తిరిగి ఇంటికి చేర్చడం, మళ్లీ పిలిచి చూడడం, ఇవన్నీ వెనుక ఉన్నాయి. పళ్ల విషయంలోనూ అదే సూత్రం. మన సంఘాలు ఉచిత దంత శిబిరం పెట్టి బ్రష్షు, పేస్టు పంచి ఫొటో తీసుకోవడంతో ఆగకూడదని నా మనవి. పళ్లు లేని పది మంది పెద్దవారిని ఎంపిక చేసి, ఐదు ప్రయాణాలకు బస్సు ఖర్చు, వెంట వెళ్లడానికి ఒక విద్యార్థిని ఏర్పాటు చేస్తే అది నిజమైన సేవ.

8. పిల్లలకు కూడా సాధనాలున్నాయి

ఇవి ముసలివారి సంగతులే అనుకోకూడదు.

పాల దవడ పన్ను పుచ్చి ఏడేళ్లకే తీసివేయవలసి వస్తే, ఆ చోట శాశ్వత పన్ను రావడానికి ఇంకా మూడు నాలుగేళ్లు ఉంటుంది. ఈలోగా ప్రక్క పళ్లు ఆ ఖాళీలోకి వాలుతాయి. వచ్చే పన్నుకు చోటు ఉండదు, వంకరగా వస్తుంది. ఆ ఖాళీని కాపాడడానికి చిన్న తీగ సాధనం అమరుస్తారు. రైలులో సీటు మీద తువాలు వేసినట్టు అనుకోండి. "పాల పన్నే గదా" అని వదిలేస్తే తరువాత క్లిప్పుల ఖర్చు వస్తుంది. క్లిప్పులు తీసిన తరువాత ఇచ్చే రిటైనరును వైద్యుడు చెప్పినంత కాలం పెట్టుకోకపోతే పళ్లు పాత చోటికి జరుగుతాయి, పెట్టిన డబ్బంతా వృథా.

కోవిల్‌పట్టి అంటే హాకీ. మన పిల్లలు చాలామంది కర్ర పట్టుకున్నవారే. కాళ్లకు ప్యాడ్లు కొంటాము గాని పళ్ల రక్షకానికి కొనము. ముందు పన్ను ఊడితే దానికి ప్రత్యామ్నాయం జీవితాంతం ఖర్చు. ఒకవేళ శాశ్వత పన్ను దెబ్బకు పూర్తిగా ఊడివస్తే, వేరును ముట్టకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే నీటితో మెల్లగా కడిగి, వీలైతే అదే గుంటలో పెట్టాలి. వీలు కాకపోతే పాలలో వేసి, అర గంట నుండి గంటలోపు దంత వైద్యుని చేరాలి. గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టి మరునాడు తీసుకువెళితే ప్రయోజనం ఉండదు. పాల పన్ను అయితే తిరిగి పెట్టకూడదు. ఈ నాలుగు వాక్యాలు ప్రతి పాఠశాల మైదానంలో రాసి పెట్టవలసినవి.

9. నోటి లోపల గోడ కట్టిన ప్లేటు

దంత వైద్యంలో పళ్ల కంటే పెద్ద పని ఒకటి ఉంది. 2021లో కోవిడ్ రెండవ విడతలో నల్ల ఫంగస్ వ్యాధి మనందరికీ గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని ఆ వ్యాధికి ప్రధాన కేంద్రంగా నియమించారు. ప్రాణం కాపాడడానికి చాలామందికి పై దవడలో కొంత భాగం తీసివేయవలసి వచ్చింది. అలా చేసినప్పుడు నోటికి, ముక్కుకు మధ్య గోడ ఉండదు. త్రాగిన నీరు ముక్కులో నుండి వస్తుంది. మాట ఎదుటివారికి అర్థం కాదు.

వీరికి ఆబ్ట్యురేటర్ అనే ప్లేటు చేస్తారు. కింద పళ్లు, పైన ఆ రంధ్రాన్ని మూసే బిరడా లాంటి భాగం ఉంటుంది. అది పెట్టిన రోజునే మనిషి నీరు మింగగలడు, ఫోనులో మాట్లాడగలడు. నోటి క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత కూడా ఇదే ఉపయోగపడుతుంది. అంగిలి చీలికతో పుట్టిన పసిపాపలలో కొందరికి పాలు త్రాగడానికి ఇటువంటి చిన్న ప్లేటునే అమరుస్తారు. గాయం మానే కొద్దీ, బిడ్డ పెరిగే కొద్దీ దీనిని మార్చుతూ ఉండాలి. వైద్యం అనే మాట ఎందుకు వాడుతున్నానో ఇక్కడ బాగా తెలుస్తుంది.

10. ఈ రంగంలో చదువులు

ఈ పని వైద్యుడు ఒక్కడే చేయడు. 1948 నాటి డెంటిస్టుల చట్టమే దంత వైద్యుడు, డెంటల్ హైజీనిస్టు, డెంటల్ మెకానిక్ అని ముగ్గురిని గుర్తించింది. ఆ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టాన్ని ఆమోదించింది.

దంత వైద్యుడు: నీట్ పరీక్ష ద్వారా బి.డి.ఎస్. నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. తరువాత మూడేళ్ల ఎం.డి.ఎస్.లో ప్రాస్థోడాంటిక్స్ అనే శాఖ కట్టుడు పళ్లకు, ఆబ్ట్యురేటర్లకు సంబంధించినది. ఆరవ తరగతి నుండి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివి నీట్‌లో అర్హత పొందినవారికి వైద్య, దంత వైద్య సీట్లలో 7.5 శాతం ప్రత్యేక కేటాయింపును తమిళనాడు 2020లో చట్టం చేసింది. పుదుక్కోట్టైలో 2023లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ప్రారంభమైంది.

డెంటల్ మెకానిక్: నేడు డెంటల్ టెక్నీషియన్ అంటారు. సాధారణంగా రెండేళ్ల కోర్సు. వైద్యుడు పంపిన అచ్చును, కొలతలను బట్టి ల్యాబులో సెట్టు, క్యాపు, బ్రిడ్జి చేసేది వీరే. రోగి నోటికి స్వయంగా వైద్యం చేయడానికి వీరికి అధికారం లేదు. చేతి నైపుణ్యం, రంగుల మీద చూపు, ఓపిక ఉన్నవారికి ఇది మంచి వృత్తి. కంప్యూటరులో పన్ను రూపం గీసి యంత్రంతో చెక్కించే పద్ధతి వ్యాపించింది కనుక కంప్యూటరు పరిజ్ఞానం కూడా అవసరం. మన పిల్లలలో బొమ్మలు గీసేవారు, మట్టితో రూపాలు చేసేవారు ఉన్నారు. మార్కులు తక్కువని వారిని చిన్నచూపు చూసే తల్లిదండ్రులు ఈ దారిని ఆలోచించగలరు. చేరే ముందు ఆ సంస్థకు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో తప్పక విచారించండి.

11. ఇంట్లో పాటించవలసినవి

(1) రాత్రి సెట్టు తీసి, కడిగి, నీటిలో ఉంచాలి. చిగురుకు విశ్రాంతి కావాలి. రాత్రింబవళ్లు పెట్టుకుంటే అంగిలి ఎర్రబారి ఫంగస్ చేరుతుంది.

(2) మరిగే నీరు పోయరాదు, సెట్టు వంకరపోతుంది. ఎండలో పెట్టరాదు.

(3) మెత్తటి బ్రష్షు, సబ్బు నీటితో కడగాలి. పళ్లపొడి, ఇసుక, బూడిద గీతలు పెడతాయి.

(4) కడిగేటప్పుడు కింద నీళ్ల గిన్నె గాని, మడిచిన తువాలు గాని ఉంచాలి. చేయి జారితే నేలకు తగిలి విరుగుతుంది.

(5) పళ్లన్నీ పోయినవారు కూడా రోజూ చిగుళ్లను, నాలుకను తుడుచుకోవాలి. ఏడాదికి ఒకసారి నోటిని చూపించుకోవాలి. రెండు వారాలకు మానని పుండు ఏదైనా వెంటనే చూపించాలి.

(6) ఒకరి సెట్టు మరొకరు వాడరాదు. చనిపోయినవారి సెట్టు "బాగానే ఉంది గదా" అని ఇంకొకరికి ఇవ్వరాదు.

విద్యార్థులకు అభ్యాసం

ఒకటి: పైన ఆరవ భాగంలోని లెక్కకు, మూడవ ఏట 2,000 రూపాయలతో పొర వేయించినట్టు కలిపి నెల ఖర్చు మళ్లీ కట్టండి. రెండు: దంత్యములు మాత్రమే ఉన్న ఐదు తెలుగు మాటలు రాయండి. మూడు: ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవారి ప్రక్కన కూర్చుని భోజనం చేయండి. పళ్లెంలో ఏమి మిగిల్చారో చూడండి. మెత్తనివన్నీ తిని గట్టివి మిగిల్చి ఉంటే, వారిని దంత వైద్యుని దగ్గరకు ఎప్పుడు తీసుకువెళతారో తేదీ రాసి, మీ తల్లిదండ్రులకు చూపించండి. మొదటి రెండు ప్రశ్నలకు మీ నోటుపుస్తకం చాలు. మూడవదానికి మీరు వెంట వెళ్లాలి.